వెటకారం సరే, కొలిచింది ఎవరు?

ఫోన్ల కంపెనీల మీద వెటకారం ఆడటం ఇప్పుడు అందరికీ అలవాటే. కొత్త మోడలు విడుదల కాగానే 'పోయినేడాది ఫోనుకే కొత్త రంగేసి తెచ్చారు' అంటారొకరు. 'కిడ్నీ అమ్ముకుంటే గానీ కొనలేం' అంటారింకొకరు. 'కొత్తది వచ్చిన వారానికే పాతది నెమ్మదిస్తుంది, ఎంత యాదృచ్ఛికమో!' అని మూడోవారు దీర్ఘం తీస్తారు. అవతలి పక్షం ఊరుకుంటుందా? 'కొనలేనివాళ్ల కడుపుమంట' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అందరూ నవ్వుకుంటారు. ఎవరి అభిప్రాయమూ మారదు.

వెటకారంలో తప్పేమీ లేదు. వేల కోట్ల ప్రచార బడ్జెట్ ఉన్న సంస్థ ముందు మామూలు వినియోగదారుడి చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. చిక్కేమిటంటే, ఎత్తిపొడుపు మాటల్లో కొన్నిసార్లు నిజంగా పరీక్షించదగ్గ ప్రశ్న దాగి ఉంటుంది. పైన చెప్పిన మూడు మాటల్లో మొదటి రెండూ హాస్యం. మూడోది మాత్రం ఒక పరికల్పన. పాత ఫోను నిజంగా నెమ్మదిస్తుందా? నెమ్మదిస్తే ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. అది ఏ వాదనలోనూ దొరకలేదు, ఒక గ్రాఫులో దొరికింది.

గురివింద గింజలు

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ రంగంలో అందరికంటే పెద్ద వెటకారులు కంపెనీలే.

2016 సెప్టెంబరులో ఆపిల్ ఐఫోన్ 7లో 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ రంధ్రాన్ని తీసేసింది. వేదిక మీద ఆ నిర్ణయాన్ని 'ధైర్యం' అని వర్ణించారు. ఆ ఒక్క మాట చాలా కాలం హాస్యానికి పనికొచ్చింది. మరుసటి నెలలోనే గూగుల్ తన మొదటి పిక్సెల్ ప్రకటనలో, తమ ఫోనులో హెడ్‌ఫోన్ రంధ్రం ఉందని గుర్తుచేస్తూ ఓ చురక వేసింది. ఏడాది తిరిగేసరికి వచ్చిన పిక్సెల్ 2లో ఆ రంధ్రం లేదు. శామ్‌సంగ్ కూడా 2017లో ఐఫోన్ వాడేవారిని ఆటపట్టిస్తూ ప్రకటన తీసింది. 2019 ఆగస్టులో వచ్చిన దాని నోట్ 10లోనూ ఆ రంధ్రం మాయమైంది.

ఛార్జరు విషయంలోనూ ఇదే కథ. 2020 అక్టోబరులో ఆపిల్ పర్యావరణం పేరు చెప్పి పెట్టెలోంచి ఛార్జరు తీసేసింది. తమ ఫోనుతో ఛార్జరు వస్తుందని శామ్‌సంగ్ సామాజిక మాధ్యమంలో దెప్పింది. 2021 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్21 పెట్టెలో ఛార్జరు లేదు. గురివింద గింజ తన నలుపు ఎరగదన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణలు దొరకవు.

ఈ చమత్కారాల సందడిలో అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు. పెట్టెలో ఛార్జరు లేకపోతే వ్యర్థం తగ్గుతుందా? కొనేవారి దగ్గర ఇప్పటికే పనికొచ్చే ఛార్జరు ఉంటేనే తగ్గుతుంది. అయితే ఐఫోన్ 12 పెట్టెలో వచ్చిన తీగ ఒక చివర యూఎస్‌బీ-సి రకం. అంతకుముందు ఐఫోన్లతో వచ్చిన ఛార్జర్లలో చాలావరకు పాత యూఎస్‌బీ-ఎ రకంవే. పాత ఛార్జరుకు కొత్త తీగ పట్టదు. పర్యావరణ వాదనను పరీక్షించడానికి ఈ ఒక్క వివరం చాలు. బ్రెజిల్ ప్రభుత్వం 2022 సెప్టెంబరులో ఛార్జరు లేని ఐఫోన్ల అమ్మకం ఆపమని ఆదేశించి, కోటీ ఇరవై లక్షల రియాస్‌కు పైగా జరిమానా వేసింది. జోకుల వల్ల ఎక్కడా ఏమీ మారలేదు.

అనుమానం, కొలత

ఇక పాత ఫోను సంగతి. 2014 జులైలో ఆర్థికవేత్త సెంధిల్ ముల్లైనాథన్ ఓ ఆసక్తికరమైన పరిశీలన గురించి రాశారు. హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న లారా ట్రూకో, ఐఫోన్ నెమ్మదించిందంటూ గూగుల్‌లో జనం ఎప్పుడెప్పుడు వెతుకుతున్నారో గమనించారు. కొత్త మోడలు విడుదలైన ప్రతిసారీ ఆ వెతుకులాట ఒక్కసారిగా పెరిగేది. శామ్‌సంగ్ ఫోన్ల విషయంలో అలాంటి పెరుగుదల కనిపించలేదు.

కంపెనీని అనుమానించేవారు దీన్నే రుజువుగా పట్టుకున్నారు. ముల్లైనాథన్ మాత్రం ఇది రుజువు కాదని స్పష్టంగానే చెప్పారు. జనానికి ఫోను నెమ్మదించినట్టు అనిపించిందని మాత్రమే ఈ లెక్క చెబుతుంది. నిజంగా నెమ్మదించిందో లేదో చెప్పదు. కొత్త మోడలుతో పాటే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వస్తుంది. అది కొత్త ఫోనును దృష్టిలో పెట్టుకుని రాసినది కాబట్టి పాత ఫోనుకు భారం కావచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లకు నవీకరణలు అందరికీ ఒకే రోజు చేరవు కాబట్టి అక్కడ ఆ పెరుగుదల చెల్లాచెదురై కనిపించకపోవచ్చు.

2017 అక్టోబరులో ఫోన్ల వేగాన్ని కొలిచే ఫ్యూచర్‌మార్క్ అనే సంస్థ తన దగ్గరున్న ఐఫోన్ 5ఎస్ కొలతలను బయటపెట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎన్నిసార్లు మారినా ఆ ఫోను వేగం దాదాపు స్థిరంగానే ఉంది. ఈసారి కంపెనీ అభిమానుల వంతు వచ్చింది. కుట్ర సిద్ధాంతాలు నమ్మేవారిని కావలసినంత ఎగతాళి చేశారు.

ఆ తర్వాత, 2017 డిసెంబరులో, వ్యవహారం తలకిందులైంది. ఐఫోన్ 6ఎస్ వాడే ఒకరు బ్యాటరీ మార్పించి, ముందూ వెనకా వేగం కొలిచి, మార్చాక వేగం బాగా పెరిగిందని చూపించారు. గీక్‌బెంచ్ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రైమేట్ ల్యాబ్స్‌కు చెందిన జాన్ పూల్ దీన్ని చూసి, తన దగ్గర పోగైన వేలకొద్దీ కొలతలతో గ్రాఫులు గీశారు. ఐఓఎస్ 10.2 నడుస్తున్న ఐఫోన్ 6ఎస్‌ల గ్రాఫులో ఒకే శిఖరం ఉంది. అంటే దాదాపు అన్ని ఫోన్లూ ఒకే వేగంతో పనిచేస్తున్నాయి. 2017 జనవరిలో వచ్చిన 10.2.1 తర్వాత ఆ పెద్ద శిఖరం పక్కన, తక్కువ వేగాల దగ్గర, చిన్న చిన్న శిఖరాలు మొలిచాయి. 11.2 వచ్చాక అవి మరింత పెరిగాయి. ఐఫోన్ 7లో 11.2 తోనే అవి మొదలయ్యాయి.

ఈ గ్రాఫులో అసలు విషయం శిఖరాల సంఖ్య. సాఫ్ట్‌వేర్ బరువెక్కి ఉంటే శిఖరం మొత్తం ఓ పక్కకు జరగాలి, ఎందుకంటే ఆ భారం అన్ని ఫోన్ల మీదా సమానంగా పడుతుంది. ఇక్కడ అలా జరగలేదు. కొన్ని ఫోన్లు పూర్తి వేగంతోనే ఉన్నాయి, కొన్ని మాత్రం మెట్లు మెట్లుగా కొన్ని నిర్ణీత వేగాలకు దిగాయి. ఎవరో మెట్లు కట్టి ఉంటే తప్ప అలా జరగదు. గ్రాఫు బయటికొచ్చిన రెండు రోజులకు, డిసెంబరు 20న, ఆపిల్ ఆ విషయం ఒప్పుకుంది. అరిగిన బ్యాటరీ ఉన్న ఫోన్లలో ప్రాసెసర్ గరిష్ఠ వేగాన్ని సాఫ్ట్‌వేరే తగ్గిస్తోంది.

ఫ్యూచర్‌మార్క్ కొలతలు తప్పా? కాదు. ఈ మార్పు ఐఫోన్ 6, 6ఎస్, ఎస్ఈ, 7 మోడళ్లకు వర్తించింది. వాళ్లు కొలిచిన 5ఎస్ ఆ జాబితాలోనే లేదు. రెండు కొలతలూ సరైనవే. ఒక ఫోను మీద తేలిన ఫలితాన్ని అన్ని ఫోన్లకూ అంటగట్టి నవ్విన నవ్వే తప్పు.

బ్యాటరీ లోపల

మరి ఆపిల్ ఎందుకలా చేసింది? దీనికి జవాబు పాఠశాల భౌతికశాస్త్రంలోనే ఉంది.

ప్రతి బ్యాటరీకీ అంతర్గత నిరోధం ఉంటుంది. దాంట్లోంచి విద్యుత్తు లాగినప్పుడు, ఆ నిరోధాన్ని విద్యుత్తుతో గుణిస్తే ఎంతొస్తుందో అంత వోల్టేజీ లోపలే ఖర్చయిపోతుంది. మిగిలిందే ఫోనుకు అందుతుంది. ఒక చిన్న లెక్క చూద్దాం. సగం కంటే తక్కువ ఛార్జి ఉన్న బ్యాటరీ వోల్టేజీ 3.7 అనుకుందాం. ప్రాసెసర్ ఓ క్షణం పూర్తి వేగం అందుకుని 3 ఆంపియర్లు లాగింది. కొత్త బ్యాటరీ నిరోధం 0.1 ఓమ్ అయితే 0.3 వోల్టులు పోయి 3.4 వోల్టులు అందుతాయి. ఇబ్బంది లేదు. అదే బ్యాటరీ అరిగి నిరోధం 0.25 ఓమ్‌కు చేరితే 0.75 వోల్టులు పోయి 2.95 మిగులుతుంది. పనిచేయడానికి కనీసం 3 వోల్టులు కావాల్సిన ఫోను అక్కడికక్కడే ఆరిపోతుంది. తెర మీద 30 శాతం ఛార్జి కనిపిస్తూనే ఉంటుంది, ఫోను మాత్రం నల్లబడుతుంది. అదే ప్రాసెసర్‌ను కట్టడి చేసి 2 ఆంపియర్లకు మించి లాగకుండా చూస్తే 3.2 వోల్టులు మిగులుతాయి. ఫోను నెమ్మదిస్తుంది కానీ ఆరిపోదు. ఆపిల్ చేసింది సరిగ్గా ఇదే.

నిరోధం పెరగడం ఎవరి కుట్రా కాదు. లిథియం అయాన్ బ్యాటరీలో గ్రాఫైట్ ధ్రువం మీద, ఎలక్ట్రోలైట్‌తో చర్య జరిగి ఒక పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొర లేకపోతే బ్యాటరీ మన్నదు. అయితే ఏళ్లు గడిచేకొద్దీ అది మందమవుతూ, పనికొచ్చే లిథియాన్ని తినేస్తూ, అయాన్ల దారికి అడ్డం పడుతుంది. ఈ బ్యాటరీకి పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ ముసలితనాన్ని మాత్రం ఎవరూ పూర్తిగా ఆపలేకపోయారు.

కాబట్టి 'కొత్తది కొనిపించడానికే పాతదాన్ని చంపుతున్నారు' అన్న వెటకారం కారణాన్ని తప్పుగా ఊహించింది. 'అదంతా మీ భ్రమ' అన్న ఎదురు వెటకారం వాస్తవాన్నే కాదంది. ఇద్దరూ ఓడిపోయారు.

నేరం మౌనానిది

ఇంజినీరింగ్ కోణంలో చూస్తే ఆపిల్ పరిష్కారం తెలివైనదే. అయినా తప్పు తప్పే. అది చెప్పకపోవడంలో ఉంది. ఫోన్లు ఉన్నట్టుండి ఆరిపోవడం 10.2.1 తర్వాత బాగా తగ్గిందని 2017 ఫిబ్రవరిలో ఆపిల్ చెప్పుకుంది. ఎలా తగ్గిందో చెప్పలేదు. ఫోను నెమ్మదించిన మనిషికి అసలు కారణం బ్యాటరీ అని తెలిసే దారి లేదు. ఫోను ముసలిదైపోయిందనుకుని కొత్తది కొన్నవారు ఎందరో ఉండే ఉంటారు. చిన్న ఖర్చుతో పోయే రోగానికి, ఏం రోగమో చెప్పకపోవడం వల్ల, మనిషినే మార్చుకోమన్నట్టయింది.

డిసెంబరు 28న ఆపిల్ క్షమాపణ చెప్పి, అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2018 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 11.3లో బ్యాటరీ ఆరోగ్యం చూసుకునే సదుపాయం ఇచ్చింది. ఆ తర్వాత జరిగిందే అన్నిటికంటే పెద్ద సాక్ష్యం. 2019 జనవరి 2న టిమ్ కుక్ పెట్టుబడిదారులకు రాసిన లేఖలో ఆదాయం అంచనాకు తగ్గుతుందని ప్రకటించారు. ప్రధానంగా చైనా మార్కెట్‌ను కారణంగా చూపుతూనే, చవకగా బ్యాటరీలు మార్పించుకుంటున్న వినియోగదారుల ప్రస్తావన కూడా తెచ్చారు. బ్యాటరీ మార్చుకున్నవారు కొత్త ఫోను కొనడం లేదని ఏ వెటకారీ ఇంతకంటే సూటిగా చెప్పలేడు.

2020 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించింది. ఎందుకో గమనించాలి. ఫోను నెమ్మదింపజేసినందుకు కాదు, నెమ్మదించవచ్చని వినియోగదారులకు తెలియజేయనందుకు.

నూరేళ్ల నాటి బల్బు

భౌతికశాస్త్రాన్ని అడ్డం పెట్టుకుని వ్యాపారం చేయడం కొత్త కాదు. 1924 డిసెంబరులో జెనీవాలో ఆస్రమ్, ఫిలిప్స్ వంటి పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ పేరుతో ఓ కూటమి కట్టాయి. బల్బు ఆయుష్షు 1,000 గంటలకు మించకూడదని నిర్ణయించుకున్నాయి. అడిగితే వాళ్ల దగ్గరా శాస్త్రీయమైన జవాబే ఉంది. టంగ్‌స్టన్ తీగ ఎంత వేడెక్కితే అదే కరెంటుకు అంత ఎక్కువ వెలుగొస్తుంది, అంత త్వరగా ఆవిరై తెగిపోతుంది. కాంతి కావాలంటే ఆయుష్షు వదులుకోవాలి. ఇది నిజం.

అయితే ఆ కూటమి స్విట్జర్లాండ్‌లో ప్రయోగశాల పెట్టి సభ్యుల బల్బులను పరీక్షించేది. ఎవరి బల్బు ఎక్కువ గంటలు వెలిగితే వారికి జరిమానా పడేది. 1926లో సగటున 1,800 గంటలున్న ఆయుష్షు 1933-34 నాటికి 1,205 గంటలకు దిగింది. వెలుగు కోసమే ఇదంతా అయితే తక్కువ వెలుగుకు జరిమానా వేయాలి, ఎక్కువ మన్నికకు కాదు. భౌతికశాస్త్రం చెప్పిన కారణం నిజమైనదే. అది ఎవరి లాభానికి వాడుకున్నారన్నది మాత్రం లెక్కల పుస్తకంలో బయటపడింది. ఫోన్ల విషయంలోనూ అంతే. సాంకేతిక కారణం నిజమా కాదా అన్నది సగం ప్రశ్న. దాన్ని ఎవరికి చెప్పారు, ఎవరి దగ్గర దాచారన్నది మిగతా సగం.

మన ఎండలు, మన జేబులు

ఇదంతా పాశ్చాత్య దేశాల తగవు అనుకోవడానికి వీల్లేదు. తమ ఫోన్లను 35 డిగ్రీలు దాటని వాతావరణంలో వాడమని ఆపిల్ సూచిస్తుంది. మే నెలలో రామగుండంలో, రెంటచింతలలో 45 డిగ్రీలు కాస్తాయి. బ్యాటరీలో ఆ పొర మందమయ్యే రసాయన చర్య వేడికి వేగం పుంజుకుంటుంది. బైకు హ్యాండిల్‌కు ఫోను తగిలించి, ఎండలో దారి చూసుకుంటూ, మధ్యమధ్య ఛార్జింగ్ పెడుతూ రోజంతా ఆర్డర్లు అందించే కుర్రవాడి ఫోను, చల్లని ఆఫీసు బల్ల మీదున్న అదే మోడలు కంటే చాలా ముందే ముసలిదవుతుంది. అతనికి ఫోను విలాసం కాదు, పనిముట్టు. 25 శాతం దగ్గర అది ఆరిపోతే ఆ పూట సంపాదన పోయినట్టే.

అలాంటి ఫోను సాధారణంగా ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ లాంటి చోట్లకు చేరుతుంది. అక్కడ బ్యాటరీ మార్చేవారి నైపుణ్యానికి లోటు లేదు. అయితే 2019 నుంచి కొన్ని ఐఫోన్లలో, అధీకృత కేంద్రంలో కాకుండా బయట బ్యాటరీ మారిస్తే, ఫోను ఆ బ్యాటరీ ఆరోగ్యం చూపించడం మానేసి హెచ్చరిక పెట్టడం మొదలైంది. భద్రత కోసమే అంటారు. నాసిరకం లిథియం బ్యాటరీ ప్రమాదకరమే. 2016లో శామ్‌సంగ్ నోట్ 7లు కంపెనీ అమర్చిన బ్యాటరీలతోనే మంటలు లేచి, మోడలు మొత్తాన్నే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ప్రమాదం నిజం కాబట్టే మంచి విడిభాగం అందరికీ దొరకాలి. దాన్ని తాళం వేసి దాచితే జనం నాసిరకం వైపే వెళ్తారు.

2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులని, వాటిలో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక లెక్కగట్టింది. పనిచేసే ఫోనును చచ్చిన బ్యాటరీ కోసం పారేయడం ఆ గుట్టకు మరో గుప్పెడు జోడించడమే.

ఇతర దేశాలు కదులుతున్నాయి. ఫోన్ల మీద మరమ్మతు సూచీ ముద్రించాలని ఫ్రాన్స్ 2021లో నిబంధన పెట్టింది. 2025 జూన్ నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే ఫోన్ల బ్యాటరీ సాధారణంగా 800 సార్లు ఛార్జి చేశాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. మరమ్మతు సూచీ మీద 2024లో వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. బ్యాటరీ, తెర, కెమెరా, ఛార్జింగ్ పోర్టు వంటి భాగాలను ఎంత తేలిగ్గా మార్చవచ్చో చూసి ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ మార్కులు ఇవ్వాలన్నది అందులోని సారం.

మంచి అడుగే. ఒక్కచోట మాత్రం జాగ్రత్త కావాలి. ఆ మార్కులను కంపెనీలే ప్రకటించుకోవాలని ప్రతిపాదన. తన జవాబుపత్రం తానే దిద్దుకునే విద్యార్థికి ఎప్పుడూ మంచి మార్కులే వస్తాయి. ఫ్రిజ్‌లు, ఏసీల మీద నక్షత్రాల గుర్తు వేసే ఇంధన సామర్థ్య బ్యూరో, దుకాణంలోంచి నమూనాలు తెప్పించి మళ్లీ పరీక్షించే ఏర్పాటు పెట్టుకుంది. ఫోన్ల మార్కులకూ అలాంటి తనిఖీ ఉండాలి. బ్యాటరీ ఎన్నిసార్లు ఛార్జి అయింది, సామర్థ్యం ఎంత మిగిలింది, వేగం తగ్గించారా లేదా అన్నవి ప్రతి ఫోనులోనూ, తక్కువ ధర ఫోనులోనూ, తెర మీద కనిపించాలి. బయట మార్చిన బ్యాటరీకైనా అదే సమాచారం చూపించాలి. ఇవన్నీ సాధ్యమే. ఫోనుకు ఈ లెక్కలన్నీ ఇప్పటికే తెలుసు, చెప్పడమే మిగిలింది.

ఈలోగా వినియోగదారుడు చేయగలిగింది ఒకటుంది. ఫోను నెమ్మదిస్తే కొత్తదాని ధర చూసేముందు సెట్టింగుల్లో బ్యాటరీ పరిస్థితి చూడాలి. సామర్థ్యం 80 శాతం లోపుకు దిగి ఉంటే, ముందు అడగాల్సింది బ్యాటరీ ధర. ఆ తర్వాత కంపెనీ మీద జోకు వేయాలనిపిస్తే నిక్షేపంగా వేయవచ్చు. చేతిలో కొలత ఉన్నవాడి జోకుకు కంపెనీ కూడా జవాబు చెప్పక తప్పదు.